దొడ్డి తోట ఎండబెట్టకుండానే తాగునీటిని కాపాడుకోవచ్చు

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది చిత్తూరు జిల్లా పెనుమూరు వైపున ఉన్న ఒక చిన్న పల్లె. ఈ ఎండాకాలం మా ఊరికి తాగునీరు రోజు విడిచి రోజు ట్యాంకరులో వస్తోంది. ఇంటికి ఎనిమిది బిందెలు ఇస్తారు. వాడుకకు మాత్రం పాత బోరు నుంచి పొద్దున గంటసేపు ఉప్పదనం ఉన్న నీళ్లు వదులుతారు. ట్యాంకరు నీళ్లను మొక్కలకు పోయకూడదని ఊరి పెద్దలు కట్టుబాటు చేశారు. అది న్యాయమైన కట్టుబాటే, నేను కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. అయితే ఆ మాటను జనం మరోలా అర్థం చేసుకున్నారు. ట్యాంకరు నీళ్లు పోయకూడదంటే దొడ్డిలో ఇక ఏమీ పెంచకూడదనే అనుకున్నారు. పదిహేను రోజుల్లో వంగ మొక్కలు పీకేశారు, సొర పాదులు ఎండిపోయాయి, పందిరి గుంజలు పొయ్యిలోకి చేరాయి. అదే ఇళ్ల వెనుక గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు మాత్రం ఎప్పటిలాగే మోరీలో పారుతున్నాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇంకా ఎన్నో చోట్ల ఇదే జరుగుతూ ఉంటుందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంటి వెనుక అయిదు సెంట్ల దొడ్డి ఉంది. మా మామగారి కాలంలో పక్కనే ఉన్న బావికి కపిల (ఎద్దులతో నీళ్లు తోడే తోలు తొట్టి) కట్టి, ఆ నీటితో కూరగాయలే కాక ఇంటికి సరిపడా మిరపకాయలు, పసుపు కూడా పండించేవారు. తర్వాత బావి ఎండింది, బోరు వేశాం, అది కూడా ఎండింది, మరో బోరు ఇంకా లోతుగా వేశాం. మన ప్రాంతపు నేల అడుగున ఉన్నది గట్టి రాయి. అందులో నీరు పగుళ్ల మధ్య మాత్రమే నిలుస్తుంది కనుక ఎంత లోతుకు పోతే అంత నీరు దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు. వెయ్యి అడుగులు దాటి తవ్వించి దుమ్ము మాత్రమే చూసిన రైతులు మా మండలంలోనే ఉన్నారు. మా రెండో బోరు కూడా నిలిచిపోయిన రోజున, ఇంటివారు వద్దంటున్నా వినకుండా, తోటను మానేయకుండా నడపడానికి ఏదైనా దారి ఉందా అని నేను లెక్కలు వేయడం మొదలుపెట్టాను.

ఎండాకాలంలో మన వైపు నేల నుంచి, మొక్కల ఆకుల నుంచి కలిపి రోజుకు ఆరు మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. సెంటు నేల సుమారు 40 చదరపు మీటర్లు కనుక, ఒక సెంటు తోటను మామూలు పద్ధతిలో తడపాలంటే రోజుకు 240 లీటర్లు, మా అయిదు సెంట్లకు 1,200 లీటర్లు కావాలి. ఈ లెక్క చూశాక అయిదు సెంట్ల ఆశ వదులుకున్నాను. ఇంట్లోంచి బయటికి పోయే నీటిని వారం రోజులపాటు బకెట్లతో కొలిచాను. మేము అయిదుగురం. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు రోజుకు ఎనిమిది లీటర్లు, కూరగాయలు కడిగినవి, గిన్నెలను చివరిసారి తొలిచినవి కలిపి 30 లీటర్లు, సబ్బుతో తోమిన నీళ్లు వేరుగా పది పన్నెండు లీటర్లు, స్నానాల నీళ్లు 80 లీటర్ల పైమాటే. అంటే ఒక్క బిందె తాగునీరు ముట్టకుండానే మా దొడ్డికి రోజూ 120 లీటర్లకు మించి నీరు ఉంది. ఆ నీటికి తగినట్లుగా కూరగాయల తోటను అర సెంటుకు కుదించాను. మిగతా నేలను ఆకులు, అలములు కప్పి వదిలేశాను. కరువులో తోట చిన్నదైనా పరవాలేదు, పెద్ద తోటను సగం తడిపి మొత్తం పోగొట్టుకోవడం కంటే అది ఎంతో మేలు.

ఆ అర సెంటులో తొమ్మిది మట్టి కుండలు పాతాను. ఈ పద్ధతి గురించి కాస్త విపులంగా రాస్తాను, ఎందుకంటే ఖర్చు తక్కువ, కుమ్మరి చేతి పని మనకింకా దగ్గరలోనే దొరుకుతోంది. కుండ పది లీటర్లు పట్టేదై, మెరుగు పూత, రంగు లేనిదై ఉండాలి. మెడ వరకు నేలలో పాతి, నీళ్లు నింపి, మూకుడుతో మూత పెట్టాలి. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, కప్పలు పడి చస్తాయి. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు చుట్టూ ఉన్న పొడి మట్టిలోకి మెల్లగా ఊరుతుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు ఊట తానే తగ్గుతుంది, ఆరినప్పుడు పెరుగుతుంది. కుండకు జానెడు దూరంలో నాటిన మొక్క వేళ్లు ఆ తడిని వెతుక్కుంటూ వచ్చి కుండను అల్లుకుంటాయి. పైనున్న మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది కనుక ఆవిరి తక్కువ, కలుపు కూడా తక్కువ. ఒక్కొక్క కుండకు మూడు రోజులకొకసారి నీళ్లు నింపితే చాలు. రోజుకు మూడు కుండల చొప్పున వంతు పెట్టుకున్నాను, అంటే రోజుకు 30 లీటర్లు. కూరగాయలు కడిగిన నీళ్లు, గిన్నెలను చివరిసారి తొలిచిన నీళ్లు కలిపి సరిగ్గా అంతే ఉన్నాయి.

మొదటి ఏడాది ఇందులో ఒక పెద్ద పొరపాటు చేశాను. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు బలమని తలచి వాటిని కుండల్లోనే పోశాను. నెల తిరగకుండానే కుండలు పులిసిన వాసన వేశాయి, లోపల జిగట పట్టింది, రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు నిలిచిపోయాయి, పక్కనున్న బెండ మొక్కలు వాడిపోయాయి. కుండలను పెకలించి, కొబ్బరి పీచుతో రుద్ది, ఎండలో ఆరబెట్టి మళ్లీ పాతవలసి వచ్చింది. అప్పటి నుంచి కుండల్లోకి పోసే నీటిని పాత పంచె గుడ్డలో వడకడుతున్నాను. బియ్యం నీళ్లను సొర, గుమ్మడి పాదుల మొదట్లోనే పోస్తున్నాను. బోరు నీటిలో ఉప్పదనం ఎక్కువగా ఉన్న ఊళ్లలో కుండ మీద తెల్లని పొర కడుతుంది కనుక ఏడాదికొకసారి తీసి కడగడం అక్కడ కూడా అవసరమే.

సబ్బు నీళ్ల విషయంలో జాగ్రత్త వహించాలి. బట్టలు ఉతికిన నీళ్లలో సోడా ఎక్కువ ఉంటుంది, అది మట్టిని గట్టిపరచి నీరు ఇంకకుండా చేస్తుంది, లేత మొక్కల ఆకుల అంచులు మాడిపోతాయి. ఆ నీటిని నేను దొడ్డిలోకి రానివ్వను. స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు ఒక చిన్న గుంత గుండా అరటి, బొప్పాయి, కొబ్బరి, మునగ చెట్ల వైపు పోతాయి. గుంతలో కంకర, ఇసుక నింపి, ఒడ్డున మెట్టతామర నాటాను. ఈ సబ్బు కలిసిన నీటిని ఒక రోజుకు మించి నిలవ ఉంచకూడదు, ఆకుల మీద చల్లకూడదు. పచ్చిగా తినే దోస, ముల్లంగి వంటివాటికి, ఆకుకూరలకు ఈ నీళ్లు పోయకపోవడమే మంచిది.

రోజూ సాయంత్రం పైపు పట్టుకుని మడులన్నీ పైపైన తడిపే అలవాటు మనలో చాలా మందికి ఉంది. నాకూ ఉండేది. దానివల్ల పై అంగుళం మట్టి మాత్రమే తడుస్తుంది, వేళ్లు ఆ అంగుళంలోనే తిరుగుతాయి, మరునాటి ఎండకు మొక్క తల వాలుస్తుంది. నాలుగు రోజులకొకసారి, తెల్లవారక ముందు, మొదట్లో నిదానంగా, లోతుగా దిగేలా పోస్తే అవే నీళ్లతో వేళ్లు కిందికి దిగుతాయి. మన ఎర్ర గరప నేలలు నీటిని త్వరగా జార్చేస్తాయి కనుక వాటికి చివికిన పశువుల ఎరువు, చెరువు పూడిక మట్టి తప్పక కలపాలి. మా తోటలో ఏ పనికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది రెండు బండ్ల చెరువు మట్టే. ఆ మట్టి వేసిన వైపు, వేయని వైపు మధ్య తేడా ఇప్పటికీ చేతితో పట్టుకుంటేనే తెలుస్తుంది.

నేల మీద నాలుగు వేళ్ల మందాన కప్పు వేయడం మరో ముఖ్యమైన పని. మన జిల్లాలో ఈ కప్పుకు కొదవ లేదు. చెరకు సోగను (ఎండాకులను) చేలల్లోనే కాల్చేస్తున్నారు, వేరుశనగ పొట్టు, మామిడి ఆకులు, కొబ్బరి పీచు ఊరూరా పడి ఉంటాయి. రోహిణి కార్తెలో కప్పు కింద చేయి పెట్టి చూస్తే మట్టి చల్లగా తగులుతుంది. పక్కనున్న ఖాళీ నేల అరికాలు మోపలేనంత కాలుతుంది. అయితే ఎర్ర నేలల్లో ఎండిన కప్పుకు చెదలు వస్తాయి. కాండానికి మూడు వేళ్ల దూరం వదిలి, వారానికొకసారి కప్పును కదిలించి, కాస్త వేపపిండి చల్లుతున్నాను. చెదలు పూర్తిగా పోలేదు గానీ మొక్కల జోలికి రావడం తగ్గింది.

ఎండాకాలపు మడి నేల మట్టానికి అరడుగు పల్లంగా ఉండాలి. టీవీల్లో, ఫోన్లలో చూపించే ఎత్తు మడులు అందంగా ఉంటాయి, అయితే అవి నాలుగు వైపులా ఆరిపోతాయి. మన తూర్పు మండలాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు దంచికొట్టినప్పుడు మాత్రం మొక్కల వేళ్లు కుళ్లకుండా ఎత్తు మడులే కావాలి. అందుకే దసరా తర్వాత మడిని ఎత్తుగా, సంక్రాంతి తర్వాత పల్లంగా మార్చుకుంటున్నాను.

ఏమి పెంచాలన్నది కూడా నీటి లెక్కలో భాగమే. ఎండాకాలంలో టమోటా కోసం నేను పాకులాడను. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, తడి ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ అయితే కాయ అడుగు నల్లబడుతుంది. మదనపల్లె మార్కెట్టు పక్కనే ఉన్న మనమే 2023 జులై, ఆగస్టు నెలల్లో కిలోకు వంద రూపాయలు దాటించి టమోటాలు కొన్నాం. ఆ నెలల్లో మా ఇంట్లో పులుపంతా గోంగూర, చింతపండే ఇచ్చాయి. మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు), అలసందలు, బెండ తక్కువ తడితో నిలబడతాయి. మటిక్కాయల్లో పూసా నవబహార్, మునగలో పీకేఎం–1 రకాలు నాకు బాగా కాశాయి. సొర, కాకర పందిరికి ఎక్కించి, ఆ నీడలో సిర్రాకు, బచ్చలి, పొన్నగంటి పెంచుతున్నాను. ఒకే నీటితో పైన కాయ, కింద ఆకు వస్తాయి. చిక్కుడు జాతికి చెందిన అనప విత్తనాన్ని మాత్రం ఎండల్లో వేసి నీళ్లు దండగ చేయకూడదు, పొద్దు కురచ అయ్యే చలికాలానికి గాని మన నాటు అనప పూత పట్టదు. వీటికి తోడు, విత్తకుండా, నీళ్లు పోయకుండా మొలిచే చెంచలాకు, గురుగాకు ఉన్నాయి. సంగటిలోకి పులగూర వండుకోవడానికి మన అవ్వలు ఏరుకొచ్చిన ఆకులను ఇప్పుడు కలుపు అని పారేస్తున్నాం. ఈ ఎండాకాలం మా అర సెంటు నుంచి వారంలో అయిదు రోజులు ఇంటి కూర వస్తోంది. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), టమోటా మాత్రం కొంటున్నాం.

ఇక వాన నీటి మాట. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పక్కనున్న అనంతపురంతో పోలిస్తే మనం అదృష్టవంతులం. అయితే ఆ వాన కొద్ది రోజుల్లోనే, ఒక్కసారిగా పడి పోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. అలాంటి జిల్లాల్లోనే తర్వాతి ఏళ్ల ఎండాకాలాల్లో ట్యాంకర్లు తిరగడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తిరుపతి నగరానికి కల్యాణి డ్యాం నుంచి, తెలుగు గంగ ద్వారా కండలేరు నుంచి నీళ్లు వస్తున్నాయి. పడమటి మండలాలకు హంద్రీ–నీవా కాలువ శ్రీశైలం నీటిని వందల కిలోమీటర్ల దూరం నుంచి మోసుకొస్తోంది. అంత దూరపు నీటి కోసం ఇంత శ్రమ పడుతున్న మనం, మన కప్పు మీద పడిన నీటిని చూరు కింద పారనిస్తున్నాం.

మా ఇంటి కప్పు 600 చదరపు అడుగులు. ఒక్క 25 మిల్లీమీటర్ల వాన పడితే, వృథాలు పోను, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుతుంది. కప్పు మీది దుమ్ము, రెట్టలు కొట్టుకుపోయేలా మొదటి పది నిమిషాల నీటిని పక్కకు వదిలేసి, తర్వాత ట్యాంకులోకి మళ్లిస్తున్నాం. మూతికి సన్నని జాలీ గుడ్డ కట్టాం. మామిడికాయలు దిగే రోజుల్లో వచ్చే రెండు మూడు గాలివానలు ఆ ట్యాంకును నింపితే, మా తొమ్మిది కుండలకు ఒక్కొక్కసారి నెల రోజుల నీరు వచ్చినట్లే. ట్యాంకు నిండాక పొర్లే నీరు ఎండిన పాత బావి పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోతుంది. బావిలోకే నేరుగా వదలమని కొందరు సలహా ఇచ్చారు, మురికి దిగుతుందన్న భయంతో నేను ఒప్పుకోలేదు.

పొరుగునున్న తమిళనాడు 2003లోనే ప్రతి కట్టడానికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. మన రాష్ట్రంలో అంతకు ముందే, 2002లో, నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. చట్టం ఉన్నా మా మండలంలో కొత్తగా కట్టే ఇళ్లలో చూరు నీటికి గొట్టం పెట్టినవి వేళ్ల మీద లెక్కించవచ్చు. ఇక బిందు సేద్యానికి మన రాష్ట్రంలో 2003 నుంచి ప్రత్యేక పథకం నడుస్తోంది, దానివల్ల మామిడి, టమోటా రైతులు ఎంతో బాగుపడ్డారు. ఆ ఆశతో నేను కూడా ఒక కార్యాలయానికి వెళ్లి, దొడ్డికి సరిపడే చిన్న డ్రిప్పు సామాను ఇప్పించమని అడిగాను. పొలానికి పాసుపుస్తకం ఉంటేనే మాట్లాడమన్నారు, సెంట్లలో ఉన్న తోట తోటే కాదన్నారు. పొలం లేని కూలీ కుటుంబాలకు ఉన్నది ఆ రెండు మూడు సెంట్లే. కరువులో కూలి పని దొరకని రోజుల్లో కూర కొనలేనిది కూడా వాళ్లే. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

కాబట్టి జిల్లా అధికారులను నేను కోరేది కొద్దిగానే. ఇంటి తోటలకు ఒక డ్రమ్ము, నాలుగు గొట్టాలతో సరిపోయే చిన్న సామానును రాయితీ మీద ఇవ్వాలి, అది కూడా ముందుగా పొలం లేనివారికి అందాలి. ఉపాధి హామీ పనుల్లో, ముంగారు (తొలకరి) వానల కంటే ముందే, చెరువుల్లోకి నీరు తెచ్చే కాలువలను బాగుచేయించాలి. మా చెరువు నిండి మొరవ పోయి (పొర్లి పారి) ఎన్నేళ్లయిందో పిల్లలకు తెలియదు. వాన పడడం లేదని అందరూ అనుకుంటున్నారు గానీ, కొండ నుంచి వచ్చే కాలువ ముళ్ల కంపలతో, ఆక్రమణలతో పూడిపోయి నీరు దారి తప్పుతోంది. చెరువులో తీసిన పూడిక మట్టిని ఇంటికి ఒక బండి చొప్పున దొడ్డి తోటలకు ఉచితంగా తోలుకోనివ్వాలి. బడుల్లో మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు పళ్లేలు కడిగే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి చూడాలి. ఆ నీటి దారిలో నాలుగు అరటి పిలకలు, రెండు మునగ కొమ్మలు నాటితే ఆ బడి సాంబారులోకి మునక్కాయలు అక్కడే దొరుకుతాయి. దీనికి జీవో అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుల అనుమతి చాలు.

మా ఊరి కట్టుబాటు గురించి కూడా ఒక మాట. పెద్దలతో మాట్లాడి, ట్యాంకరు నీళ్లు మొక్కలకు పోయకూడదన్న నిబంధనను అలాగే ఉంచి, వాడిన నీటితో తోట పెంచుకోవచ్చన్న మాటను దానికి జోడింపజేశాను. ముందు ఒప్పుకోలేదు, మా కుండలను వచ్చి చూశాక ఒప్పుకున్నారు. ఇప్పుడు మరో ఆరు ఇళ్లలో కుండలు పాతారు. మా వీధి చివరి ఇంట్లో వృద్ధురాలు ఒకరు మూడు కుండలతోనే మటిక్కాయలు కాయించి, మొదటి కోత మా ఇంటికి పంపించారు.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. వానాకాలంలో జిల్లా పేజీలో మండలాలవారీగా వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో వేస్తున్నారు. ఆ అంకె మా వంటి వారికి ఎంత నీరో తెలియదు. దాని పక్కనే, 100 చదరపు అడుగుల కప్పు మీద ఆ రోజు ఎన్ని లీటర్లు పడ్డాయో కూడా వేయండి. మిల్లీమీటరుకు తొమ్మిది లీటర్ల పైచిలుకు వస్తుంది. గుణించి వేయడం మీకు క్షణం పని. మృగశిర కార్తె మొదటి వాన నుంచే ఇది ప్రారంభించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక గృహిణి,
పెనుమూరు మండలం, చిత్తూరు జిల్లా.